ఎదుగుదలలో వెనుకబడిన పసివారు: ఇంటి భాష, ఇరుగుపొరుగు అండ

రైలు మార్గాలు మన దేశంలో ఊళ్ళను కలిపినట్లే భాషలనూ కలిపినవి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ పట్టణం ఇందుకు చక్కని నిదర్శనం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఛత్తీస్‌గఢ్ మైదానం మీదుగా తన ప్రధాన మార్గాన్ని నిర్మించిన నాటినుండి పలు ప్రాంతాలవారు జీవనోపాధికై ఆ పట్టణానికి తరలివచ్చారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర జిల్లాలకూ ఛత్తీస్‌గఢ్‌కూ రాకపోకలు మరింత సులభమయినవి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమయింది. తాతలు పట్టాల పనికి వచ్చిన ఇళ్ళలో నేడు మనుమలు పుట్టి పెరుగుతున్నారు.

దయాల్‌బంద్ వంటి పేటలో పెరిగే తెలుగు బిడ్డకు పుట్టుకతోనే మూడు భాషలు పరిచయమవుతాయి. ఇంటిలో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, అంగన్‌వాడీలోనూ బడిలోనూ హిందీ. పొరుగింటివారు పంజాబీలో, బెంగాలీలో, ఒడియాలో మాట్లాడుకొనడమూ ఆ బిడ్డ చెవిన పడుతూనే ఉంటుంది. అధికసంఖ్యాకులైన పిల్లలు ఈ భాషలన్నింటినీ ఆడుతూ పాడుతూ పట్టుకొంటారు. ఏ భాష ఎవరితో మాట్లాడాలో మూడేళ్ళు నిండేసరికి వారికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

అయితే అందరు పిల్లలూ ఒకే వేగంతో ఎదగరు. రెండేళ్ళు నిండినా మాట రాని బిడ్డ, ఏడాదిన్నర దాటినా అడుగు వేయని బిడ్డ, పిలిచినా తిరిగి చూడని బిడ్డ ఏ పేటలోనైనా ఉంటారు. అటువంటి బిడ్డ బహుభాషా పట్టణంలో పుట్టినప్పుడు ఆ తల్లికి తరచుగా ఒక సలహా అందుతుంది: “మూడు భాషలతో పిల్లవాడు తికమకపడుతున్నాడు, ఇంటిలో తెలుగు మానివేయండి, హిందీలోనే మాట్లాడండి.” సదుద్దేశంతో చెప్పే సలహాయే అయినప్పటికీ దీని వలన మేలు కన్న కీడే ఎక్కువ. ఎదుగుదలలో జాప్యం అంటే ఏమిటి, దానిని ఎలా గుర్తించాలి, ఇల్లు ఏమి చేయగలదు, ప్రభుత్వం ఏయే సౌకర్యాలు కల్పించింది అన్న విషయాలతో పాటు ఈ భాషా ప్రశ్నను కూడా ఇక్కడ పరిశీలించుదము.

జాప్యం అంటే ఏమిటి?

పసిబిడ్డ ఎదుగుదలను వైద్యులు ముఖ్యంగా ఐదు పార్శ్వాలుగా చూస్తారు. మెడ నిలపడం, కూర్చొనడం, నడవడం వంటి పెద్ద కదలికలు మొదటిది. పట్టుకొనడం, గిల్లడం, గీయడం వంటి చేతివేళ్ళ పని రెండవది. మాటలు గ్రహించడం, పలకడం మూడవది. తెలుసుకొనడం, జ్ఞాపకం ఉంచుకొనడం, చిక్కు విప్పుకొనడం నాల్గవది. మనుషులతో మెలగడం, తన పని తాను చేసుకొనడం ఐదవది. ఈ పార్శ్వాలలో ఏ ఒక్కదానిలోనైనా బిడ్డ తన వయస్సువారికంటె చెప్పుకోదగినంతగా వెనుకబడి ఉంటే దానిని ఎదుగుదల జాప్యం అంటారు. ఐదేళ్ళలోపు బిడ్డ రెండు లేక అంతకంటె ఎక్కువ పార్శ్వాలలో వెనుకబడితే అది సర్వతోముఖ జాప్యం. ఆ వయస్సులో తెలివితేటల పరీక్షలు నమ్మదగిన ఫలితాలను ఇవ్వవు గనుక, ఐదేళ్ళు నిండకుండా మేధో వైకల్యం అని నిర్ధారించడానికి వైద్యులు సాధారణంగా తొందరపడరు.

కారణాలు అనేకం. జన్యువులలోని మార్పులు కొన్ని. డౌన్ సిండ్రోమ్ అనే స్థితికి ఒక అదనపు క్రోమోజోము కారణమని 1959లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. నెలలు నిండక పుట్టడం, కాన్పు సమయంలో శిశువుకు ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన తరువాత తీవ్రమైన కామెర్లు, మెదడువాపు వంటివి మరికొన్ని. కొన్ని కారణాలు నివారించదగినవి కూడా. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకుండా పుట్టిన శిశువును మొదటి రోజులలోనే రక్తపరీక్షతో గుర్తించి, రెండు వారాలలోపు మందు ప్రారంభిస్తే మెదడు ఎదుగుదలకు కలిగే హానిని చాలావరకు అరికట్టవచ్చును. వినికిడి లోపాన్ని పసితనంలోనే కనుగొంటే మాటను కాపాడుకోవచ్చును. గర్భిణికి అయొడిన్ కలిసిన ఉప్పు, బిడ్డకు తగినంత ఇనుము గల ఆహారం కూడా మెదడుకు రక్షణలే.

ఎంత పరీక్షించినా కారణం తేలని బిడ్డలూ ఉంటారు. ఇక్కడే సమాజం ఒక అన్యాయం చేస్తుంది. కారణం తెలియని చోట తల్లిని కారణంగా నిలబెడుతుంది. గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి వచ్చినదనీ, ఏదో తిన్నదనీ నిందిస్తుంది. చీలిన పెదవికి “గ్రహణం మొర్రి” అనే పేరు మన భాషలో స్థిరపడినదంటే ఈ నమ్మకం ఎంత లోతుగా నాటుకొన్నదో ఊహించవచ్చును. గ్రహణానికీ గర్భస్థ శిశువు రూపానికీ సంబంధం లేదు. నిందను మోస్తున్న తల్లి బిడ్డను దాచుకొంటుంది. దాచిన బిడ్డకు సహాయం అందదు. కాబట్టి నింద మానడమే చికిత్సలో మొదటి మెట్టు.

ఎప్పుడు మేలుకోవాలి?

“మా పెదనాన్న కూడా నాలుగేళ్ళకు గాని మాట్లాడలేదు” అనే మాట దాదాపు ప్రతి కుటుంబంలోనూ వినబడుతుంది. ఆలస్యంగా మాట్లాడి తరువాత అందరితో సమానమైన పిల్లలు ఉన్నమాట నిజమే. కాని ఏ బిడ్డ తనంతట తాను అందుకొంటాడో, ఏ బిడ్డకు తోడ్పాటు కావాలో ముందుగా చెప్పగల ఉపాయం ఇంటివారికి లేదు. పరీక్ష చేయించడం వలన పోయేది ఒక పూట; చేయించక వేచి ఉండడం వలన పోయేది మెదడు అత్యంత వేగంగా ఎదిగే కాలం. ఆ కాలం తిరిగిరాదు.

అన్ని పిల్లలకూ ఒకే తేదీ అంటూ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాలలో ఆరోగ్యవంతులైన శిశువుల కదలికలను పరిశీలించి 2006లో ఫలితాలను ప్రకటించింది. ఆధారం లేకుండా నడవడం కొందరికి 8 నెలలు దాటగానే వచ్చింది, మరికొందరికి 17 నెలలు దాటిన తరువాత గాని రాలేదు. నూటికి నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ళపై పాకకుండానే నేరుగా నడకకు వచ్చారు. కాబట్టి పొరుగింటి బిడ్డతో రోజులు లెక్కించి పోల్చుకోవలసిన పని లేదు. అయితే హద్దులు మాత్రం ఉన్నవి.

రెండు నెలలు దాటినా ముఖం చూసి నవ్వకపోవడం, నాలుగు నెలలు దాటినా మెడ నిలపకపోవడం, తొమ్మిది నెలలు నిండినా ఆధారం లేకుండా కూర్చొనకపోవడం, ఏడాదిన్నర నిండినా నడవకపోవడం గమనించదగిన గుర్తులు. అట్లే ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసినదానిని వేలితో చూపకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటైనా పలకకపోవడం, రెండేళ్ళకు “అమ్మ రా”, “పాలు ఇవ్వు” వంటి రెండు మాటల కూర్పు రాకపోవడం కూడా. వీటన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఏ వయస్సులోనైనా సరే, వచ్చిన మాటో నడకో తిరిగి పోయినట్లయితే ఒక్క వారం కూడా ఆగరాదు. నెలలు నిండక పుట్టిన బిడ్డ విషయంలో రెండేళ్ళ వరకు, పుట్టిన తేదీనుండి గాక కాన్పు జరగవలసిన తేదీనుండి వయస్సు లెక్కించాలి.

ఈ పరిశీలనకు పెద్ద యంత్రాలు అవసరం లేదు. తిరువనంతపురంలోని శిశు వికాస కేంద్రం రెండేళ్ళలోపు పిల్లలకై 17 అంశాలతో ఒక సులభమైన పట్టికను రూపొందించింది. కొద్దిపాటి శిక్షణ పొందిన అంగన్‌వాడీ కార్యకర్త సైతం కొన్ని నిమిషాలలో ఆ పట్టికతో పరీక్షించి, ఏ బిడ్డను వైద్యుని వద్దకు పంపాలో నిర్ణయించవచ్చును.

ఇంటి భాష మానవలెనా?

ఇప్పుడు మన ముఖ్య ప్రశ్నకు వచ్చుదము. ఎక్కువ భాషలు వినడం మాట ఆలస్యానికి కారణం కాదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు మాటలు కలిపి వాడతారు. “అమ్మా, పానీ ఇయ్యి” అంటాడు బిడ్డ. దీనిని పెద్దలు తికమకగా భావిస్తారు. నిజానికి బిడ్డ తన వద్ద ఉన్న మాటలన్నింటినీ ఉపయోగించి తన అవసరాన్ని తీర్చుకొంటున్నాడు. అది తెలివికి గుర్తు.

ఎదుగుదలలో జాప్యం గల పిల్లల మాటేమిటి? వారికి ఒక భాషయే భారం గదా, రెండవది మోపవచ్చునా? ఈ సందేహం సహజమే. దీనిని కెనడా పరిశోధకులు పరీక్షించి చూశారు. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలలో రెండు భాషల మధ్య పెరిగినవారు, ఒకే భాషలో పెరిగినవారితో పోలిస్తే ఇంగ్లీషులో వెనుకబడలేదని 2005లో ప్రకటించారు. ఆటిజం గల పిల్లలలోనూ రెండు భాషలు వినడం వలన అదనపు జాప్యం కలగలేదని 2012లో మాంట్రియల్ పరిశోధకులు కనుగొన్నారు. జాప్యం బిడ్డలో ఉన్నది. భాషల సంఖ్యలో లేదు.

మరి ఇంటి భాష మానివేస్తే జరిగేది ఏమిటి? హిందీ అంతగా రాని తల్లి తనకు తెలిసిన పది వాక్యాలతోనే బిడ్డతో మాట్లాడవలసి వస్తుంది. లాలిపాట ఉండదు, ముద్దుమాట ఉండదు, కోపగించి బుజ్జగించే మాట ఉండదు. నాయనమ్మ మాట్లాడడమే మానివేస్తుంది. సెలవులకు శ్రీకాకుళమో విజయనగరమో వెళ్ళినప్పుడు అక్కడివారితో బిడ్డకు సంబంధమే తెగిపోతుంది. ఎక్కువ మాటలు వినవలసిన బిడ్డకు తక్కువ మాటలు దక్కుతాయి. జాప్యం గల బిడ్డకు కావలసినది సమృద్ధిగల భాష, ప్రేమతో కూడిన భాష, ఒకే మాటను విసుగు లేకుండా నూరుసార్లు చెప్పగల భాష. ఏ తల్లికైనా అట్టి భాష తన సొంత భాషయే.

దీని అర్థం హిందీని దూరం పెట్టమని కాదు. వీధిలోని స్నేహితులు, అంగన్‌వాడీ, రేపటి బడి హిందీలోనే ఉన్నవి. వాటిలో బిడ్డకు చోటు కావాలి. ఇంటివారు తెలుగులోనూ, ఇరుగుపొరుగువారు తమ భాషలోనూ నిస్సంకోచంగా మాట్లాడనిస్తే చాలును.

ఇందులో రెండు ఆచరణ విషయాలు ఉన్నవి. మొదటిది, మాటల లెక్క. బిడ్డకు ఎన్ని మాటలు వచ్చునని వైద్యుడు అడిగినప్పుడు తల్లి తెలుగు మాటలనూ, హిందీ మాటలనూ, ఛత్తీస్‌గఢీ మాటలనూ కలిపి చెప్పాలి. “పాలు”, “గాడీ”, “తాత”, “చిడియా” అనే బిడ్డకు వచ్చిన మాటలు నాలుగు, రెండు కావు. హిందీలో మాత్రమే పరీక్షించి తక్కువ మార్కు వేస్తే ఆ బిడ్డకు అన్యాయం జరుగుతుంది. వీలైనచోట ఇంటి భాష తెలిసినవారిని పరీక్ష సమయంలో కూర్చోబెట్టమని అడగడం తల్లిదండ్రుల బాధ్యత. రెండవది, మౌనాన్ని అర్థం చేసుకొనడం. ఇంటిలో గలగల మాట్లాడే బిడ్డ అంగన్‌వాడీలో కొంతకాలం నోరు మెదపకపోవచ్చును. కొత్త భాష వింటూ కూడబెట్టుకొనే కాలమది. దానికి భయపడనవసరం లేదు. నిజమైన భాషా జాప్యం ఇంటి భాషలో కూడా కనబడుతుంది. అందువలన ఇంటి భాషలోనూ మాట వెనుకబడి ఉంటే, “మూడు భాషలు గదా” అని సర్దిచెప్పుకొని ఊరుకొనడం కూడా అంతే ప్రమాదకరం. అటువంటి ప్రతి బిడ్డకూ మొట్టమొదట చేయించవలసినది వినికిడి పరీక్ష.

ఇల్లే మొదటి బడి

జాప్యం గల బిడ్డకు చికిత్స అనగానే దూరపు ఆసుపత్రి, ఖరీదైన పరికరాలు మన కళ్ళకు కట్టుతాయి. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ అనే చిన్న పట్టణం కేంద్రంగా ఒక కొత్త పద్ధతి మొదలయింది. ఊళ్ళు దూరదూరంగా ఉన్న ఆ గ్రామీణ ప్రాంతంలో పిల్లలను కేంద్రానికి తీసుకొనివచ్చుట కష్టమని, శిక్షకులే వారానికొకసారి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులకు నేర్పసాగారు. పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీయుట, వారానికి ఒకటి రెండు మెట్లు మాత్రమే నేర్పుట, బిడ్డ సాధించినదానిని వెంటనే మెచ్చుకొనుట ఆ పద్ధతికి ప్రాణం. అది పిమ్మట మన దేశంతో సహా అనేక దేశాలకు వ్యాపించింది.

ఉదాహరణకు, చెంచాతో తినడం తీసుకొందము. మనకది ఒకే పని. బిడ్డకు అది చెంచా పట్టడం, గిన్నెలో ముంచడం, ఒలకకుండా ఎత్తడం, నోటికి చేర్చడం, తిరిగి కింద పెట్టడం అనే ఐదు పనులు. తల్లి మొదటి నాలుగు మెట్లలో బిడ్డ చేతిపై తన చేయి ఉంచి చేయించి, నోటి దగ్గరకు వచ్చిన తరువాత తన చేతిని వదలాలి. ఆఖరి మెట్టు బిడ్డ తానే చేసినందువలన గెలిచిన ఆనందం కలుగుతుంది. క్రమంగా ఒక్కొక్క మెట్టు వెనుకకు వదలుకొంటూ రావాలి. చొక్కా వేసుకొనడం, చెప్పులు తొడుగుకొనడం, చేతులు కడుగుకొనడం ఇట్లే నేర్పవచ్చును.

మన పెద్దలు బిడ్డలతో ఆడిన ఆటలలోనే చికిత్సకు కావలసినది ఎంతో ఉన్నది. దోబూచులాట కనబడని వస్తువు కూడా ఉంటుందని నేర్పుతుంది. కాళ్ళాగజ్జె ఆటలో పాట ఆగిన చోట ఎవరి కాలిని ముడుచుకోవాలో చూడడం వలన బిడ్డకు వరుసకై వేచి ఉండడం అలవడుతుంది. చెమ్మచెక్క రెండు చేతులను కలిపి పనిచేయిస్తుంది. చందమామను చూపి అన్నం పెట్టడంలో వేలితో చూపిన వైపు చూడడం అనే గొప్ప మెట్టు ఇమిడి ఉన్నది. గుజ్జనగూళ్ళు లేనిదానిని ఉన్నట్లు ఊహించుకొనడం నేర్పుతాయి. ఇవన్నీ తల్లి ఒడిలో తెలుగులోనే జరుగుతాయి.

రైల్వే ఇళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. రాత్రి డ్యూటీ చేసివచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలి. ఇల్లు చిన్నది. “నాన్న పడుకొన్నాడు, సద్దు చేయకు” అని తల్లి బిడ్డను రోజంతా అదుపులో ఉంచుతుంది. సద్దు చేయకుండా ఉండేందుకు చేతికి ఫోను ఇస్తుంది. ఏడాది వయస్సువారికి తెర చూపడం తగదనీ, రెండు నుండి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తెర బిడ్డకు జవాబు చెప్పదు. బిడ్డ చేసిన చప్పుడును మాటగా మలచి తిరిగి ఇవ్వదు. అందుచేత తండ్రి నిద్రించే గంటలలో బిడ్డను వరండాలోకో, పొరుగింటికో, అంగన్‌వాడీకో తీసుకొనిపోవడం మేలు. తండ్రి లేచిన తరువాత ఒక్క అరగంట, ఇతర వ్యాపకం లేకుండా, బిడ్డతో నేలపై కూర్చొని ఆడడం ఆయన డ్యూటీలో భాగమనుకోవాలి. ఈ భారమంతా తల్లి ఒక్కతెపై పడితే ఆమె త్వరలోనే అలసిపోతుంది.

అన్నగారు, అక్కగారు అయిన పిల్లలనూ మరువరాదు. ఇంటి శ్రద్ధ అంతా ఒక బిడ్డ వైపే మళ్ళినప్పుడు వారి మనస్సు నొచ్చుకొంటుంది. తమ్ముని పరిస్థితి ఏమిటో వారి వయస్సుకు తగినట్లు చెప్పాలి, వారికంటూ కొంత సమయం కేటాయించాలి. అట్లు చేసినట్లయితే తమ్మునికి వారికంటె మంచి ఉపాధ్యాయులు దొరకరు.

ప్రభుత్వం కల్పించిన సౌకర్యాలు

1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం వలన అంగన్‌వాడీ ప్రతి పేటకూ చేరువయింది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలను ఏడాదికి రెండు పర్యాయాలు, ప్రభుత్వ బడులను ఒక పర్యాయం సందర్శించి పిల్లలను పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదల జాప్యాలు ఈ పరీక్షలో చేరి ఉన్నవి. తోడ్పాటు అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడ ఉచితంగా పరీక్షలు, చికిత్స లభించాలి. బృందం వచ్చే రోజును అంగన్‌వాడీలో ముందుగా తెలుసుకొని బిడ్డను తప్పక తీసుకొనిపోవాలి. 2023లో కేంద్ర ప్రభుత్వం దివ్యాంగ శిశువులకై అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలను విడుదల చేసింది. వేరే చోటికి పంపకుండా ఆ బిడ్డను తోటి పిల్లలతోనే కూర్చోబెట్టడం వాటి ఉద్దేశం.

2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఆరేళ్ళలోపు పిల్లలకై దేశంలో 14 చోట్ల, అన్ని రకాల వైకల్యాలకూ ఒకే కప్పు క్రింద సేవలందించే సత్వర చికిత్సా కేంద్రాలను ప్రారంభించింది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజనందగావ్, ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరు, తెలంగాణలోని సికింద్రాబాదు వాటిలో ఉన్నవి. రాజనందగావ్ బిలాస్‌పూర్ నుండి నాగపూర్ వైపు వెళ్ళే రైలు మార్గం మీదనే ఉన్నది. సికింద్రాబాదులోని కేంద్రం జాతీయ మేధో వికలాంగుల సాధికారత సంస్థలో ఉన్నది. ఆ సంస్థ 1984లో స్థాపితమయింది. ఇంటి భాష తెలిసినవారి చేత బిడ్డను పరీక్షింపజేయగోరే తెలుగు కుటుంబాలు స్వరాష్ట్రానికి వెళ్ళినప్పుడు దానిని సందర్శించవచ్చును.

ఉద్యోగులైన తల్లిదండ్రులు తెలుసుకోవలసిన నిబంధనలు కూడా కొన్ని ఉన్నవి. బదిలీ రైల్వే ఉద్యోగికి మామూలు విషయమే. కాని అది కష్టపడి కుదిరిన చికిత్సను, అలవాటైన శిక్షకుని, స్నేహితులను బిడ్డకు ఒక్కసారిగా దూరం చేస్తుంది. వైకల్యం గల బిడ్డకు ప్రధాన సంరక్షకుడైన కేంద్ర ప్రభుత్వోద్యోగిని, పరిపాలనాపరమైన ఆటంకాలు లేనంతవరకు, సాధారణ బదిలీలనుండి మినహాయించవచ్చునని 2014 జూన్‌లో కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ ఉత్తర్వు వెలువరించింది. మహిళా ఉద్యోగులకూ, ఒంటరి తండ్రులకూ సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు లభిస్తుంది. దివ్యాంగులైన పిల్లల విషయంలో విద్యాభత్యం సాధారణ మొత్తానికి రెట్టింపు. బిడ్డ వైకల్యాన్ని బట్టి లభించే సౌకర్యాలకు వైకల్య ధ్రువపత్రం ఆధారం. “పత్రం తీసుకొంటే బిడ్డకు ముద్ర పడిపోతుంది” అని వెనుకాడేవారు ఉన్నారు. పత్రం బిడ్డను మార్చదు, బిడ్డకు రావలసిన హక్కును తెచ్చిపెడుతుంది. జాతీయ న్యాసం నిర్వహించే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారు దానిలో చేరవచ్చును.

చట్టమూ, ఇరుగుపొరుగూ

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, అభ్యసన వైకల్యాలు అందులో స్పష్టంగా చేరినవి. నిర్ణీత స్థాయి వైకల్యం గల 6 నుండి 18 ఏళ్ళ ప్రతి బిడ్డకూ సమీపంలోని బడిలో గాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కును ఆ చట్టం ప్రసాదించింది. వైకల్యం కారణంగా బిడ్డను బడిలో చేర్చుకొననని ప్రభుత్వ గుర్తింపు గల ఏ పాఠశాలా అనరాదు.

అయినప్పటికీ చట్టం బడి తలుపును మాత్రమే తెరవగలదు. వీధిలో ఆడుకొనే పిల్లల గుంపులో చోటు ఇవ్వగలిగేది ఇరుగుపొరుగే. పట్టాల వెంబడి పెరిగిన పేటలకు ఈ విషయంలో ఒక సహజమైన బలం ఉన్నది. ఒకరి భాష ఒకరికి పూర్తిగా రాకపోయినా సైగలతో, సగం మాటలతో, చిరునవ్వుతో పని జరుపుకొనడం ఇక్కడి పెద్దలకు తరతరాలుగా అలవాటు. మాట సరిగా రాని బిడ్డకు కావలసినది ఖచ్చితంగా ఆ ఓర్పే. తెలుగు రాని పంజాబీ పొరుగువాని మాటను అర్థం చేసుకొనడానికి మనం ఎంత శ్రమపడతామో, ఇంకా మాట కుదరని మన వీధి బిడ్డ చెప్పదలచుకొన్నది గ్రహించడానికీ అంతే శ్రమపడగలం. వేచి ఉండి, వాని కళ్ళలోకి చూచి, వాడు చూపిన వస్తువు పేరు చెప్పి, మరల వాని వంతుకై ఆగడం ఎవరికైనా సాధ్యమే.

విద్యార్థులు కూడా ఇందులో చేయగలిగినది ఉన్నది. తమ వీధిలో అటువంటి బిడ్డ ఉంటే పుట్టినరోజుకు పిలవడం, ఆటలో ఒక సులభమైన పాత్ర ఇవ్వడం, ఎవరైనా “పిచ్చివాడు” అన్నప్పుడు అడ్డుచెప్పడం చిన్న పనులు కావు. హిందీ రాని తల్లికి ఆసుపత్రిలో దుబాసిగా తోడువెళ్ళడం, దరఖాస్తు పూర్తిచేసి ఇవ్వడం కళాశాల విద్యార్థి ఒక పూటలో చేయగల సేవ. దానివలన ఆ కుటుంబానికి అనేక నెలల కాలం కలిసిరావచ్చును.

జాతీయ సమైక్యత అన్నప్పుడు మనం రాష్ట్రాలను, మతాలను, భాషలను తలచుకొంటాము. కలుపుకొనిపోవడం అనే గుణానికి అసలైన పరీక్ష మనలో అందరికంటె మెల్లగా నడిచేవాని దగ్గరనే జరుగుతుంది. ఆలస్యంగా ఎదిగే బిడ్డ తన తల్లి భాషలో ప్రేమను, వీధి భాషలో స్నేహాన్ని, బడి భాషలో పాఠాన్ని పొందవలసినవాడు. వీటిలో ఏ ఒక్కటీ మరొకదానికి అడ్డు కాదు. ఏదో ఒకటి మానుకొమ్మని ఆ బిడ్డను గాని, తల్లిని గాని అడిగే హక్కు మనకు లేదు. వాని వేగానికి తగినట్లు మన నడకను కొంత తగ్గించుకొనడమే మనం చేయవలసినది.